కాపలావాడి మీద కాపలా

అవయవ మార్పిడి చరిత్ర అనగానే మనం సర్జన్ల కథలే చెప్పుకుంటాం. ఫలానా ఊళ్ళో ఫలానా డాక్టరు మొదటిసారి గుండె మార్చాడు, ఫలానాయన కాలేయం మార్చాడు అని. కానీ ఆపరేషన్ ఎంత పెద్దదైనా ఒక పగలూ ఒక రాత్రీ. రోగి రెండేళ్ళ పిల్ల అయితే, ఆ తర్వాత బతకవలసిన బతుకు అరవై, డెబ్భై ఏళ్ళు ఉంటుంది. ఆ బతుకంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఒంట్లో ఉన్న కాపలావాడు ఇవాళ ఏ స్థితిలో ఉన్నాడు? పూర్తిగా నిద్రపోతే దొంగలు పడతారు, అంటే జబ్బు క్రిములన్నమాట. పూర్తిగా మెలకువగా ఉంటే, ఇంటికొచ్చిన చుట్టాన్నే, అంటే కొత్త కాలేయాన్నే, దొంగ అనుకుని కొడతాడు. కునికిపాట్లు పడుతూ ఉండాలి. అది కూడా సరిగ్గా కావలసినంత.

ఆ కునికిపాటుని ఎలా కొలవాలి అన్నదానికి వేరే చరిత్ర ఉంది. అందులో కత్తులు తక్కువ, గాజుగొట్టాలు ఎక్కువ. అందులో ఒక తెలుగువాడి చెయ్యి రెండుచోట్ల కనిపిస్తుంది. ఆ చరిత్ర ఇప్పటిదాకా పట్నం దాటి కొండెక్కలేదు. నా దృష్టిలో అందులో మిగిలిపోయిన అధ్యాయం అదే.

1. భాస్వరం నుంచి మొదలు

1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్, ఎల్లాప్రగడ సుబ్బారావు కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి ఒకటి ప్రచురించారు. పరీక్షించే ద్రవంలో కొన్ని రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. జీవరసాయనం చదివిన వాళ్ళందరికీ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరు తెలుసు. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరాల్లో భాస్వరం ఏ రూపంలో దాగుందో వెతకగలిగారు. 1929లో ఏటీపీ అనే అణువు బయటపడింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని పట్టుకున్నాడు. ప్రతి కణమూ తన పనికి ఖర్చు పెట్టుకునే చిల్లర అది.

ఏటీపీలో ప్యూరిన్ అనే జాతికి చెందిన ముక్క ఒకటుంది. ఆ ప్యూరిన్లని అతి తక్కువ మోతాదుల్లో కొలిచే పద్ధతులు కావలసి, ఫిస్క్ ఆ పనిని ఒక పరిశోధక విద్యార్థికి అప్పజెప్పాడు. అతని పేరు జార్జ్ హిచింగ్స్. 1933లో ఆ పని మీదే డాక్టరేట్ తీసుకున్నాడు. ప్యూరిన్లు అతన్ని జీవితాంతం వదల్లేదు. గెర్ట్రూడ్ ఎలియన్‌తో కలిసి, కణం అసలు ప్యూరిన్ అనుకుని మింగి, తీరా విభజన దగ్గర ఇరుక్కుపోయేలాంటి నకిలీ ప్యూరిన్లు తయారుచేశాడు. 1951 నాటికి 6-మెర్కాప్టోప్యూరిన్ వచ్చింది. లుకేమియా పిల్లల కోసం చేసిన మందు అది. కణానికి నకిలీ సరుకు అంటగట్టి దాన్ని ఆపొచ్చన్న ఆలోచనకి అప్పటికే దన్ను దొరికింది. అదీ సుబ్బారావు నుంచే. లెడర్లీ కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన ఎమినాప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1947 చివర్లో లుకేమియా పిల్లలకి ఇచ్చి, కొన్నాళ్ళపాటైనా జబ్బుని వెనక్కి తిప్పి చూపించాడు.

1959లో రాబర్ట్ ష్వార్ట్జ్, విలియం డేమ్షెక్ అనే ఇద్దరు రక్తవైద్యులు ఆ 6-మెర్కాప్టోప్యూరిన్‌ని కుందేళ్ళకిచ్చి, తర్వాత పరాయి ప్రొటీన్ ఎక్కించారు. కుందేళ్ళు దాన్ని ఎదిరించలేదు. కాపలావాడు కునికాడు. మర్నాటి సంవత్సరమే ఇంగ్లండులో రాయ్ కాన్ కుక్కల్లో కిడ్నీలు మార్చి అదే మందు వాడి చూశాడు. తర్వాత హిచింగ్స్, ఎలియన్ల దగ్గర్నుంచే దానికి మెరుగైన రూపం, ఎజాథయోప్రిన్, వచ్చింది. అవయవ మార్పిడి అసలు సాధ్యమేనన్న నమ్మకం ఆ మాత్రతో మొదలైంది.

సుబ్బారావు అవయవ మార్పిడి గురించి ఆలోచించాడని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆయన 1948 ఆగస్టులోనే పోయాడు. మన పత్రికల్లో ఆయన పేరు ఎత్తినప్పుడల్లా నోబెల్ రాలేదన్న బాధ దగ్గర ఆగిపోతాం. నాకు ఆయన కొలత ఎంత దూరం ప్రయాణించిందన్నది ఎక్కువ ఆసక్తిగా ఉంటుంది.

2. డెన్వర్‌లో మొదటి పిల్లలు

1963 మార్చి 1న అమెరికాలోని డెన్వర్‌లో థామస్ స్టార్జల్ మనిషికి కాలేయం మార్చడానికి మొదటిసారి ప్రయత్నించాడు. రోగి మూడేళ్ళ పిల్లవాడు. పుట్టుకతోనే పిత్తనాళాలు మూసుకుపోయిన బిడ్డ. పసరు పేగులోకి దిగే దారి లేక, కాలేయంలోనే నిలిచి దాన్ని గట్టి పరిచేస్తుంది. ఆ బిడ్డ రక్తస్రావంతో బల్లమీదే పోయాడు. ఆ ఏడాది మరికొన్ని ప్రయత్నాలు, అన్నీ విఫలం. మూడేళ్ళకి పైగా విరామం. 1967 జులైలో, ఏడాదిన్నర దాటిన ఒక పాపకి చేసిన మార్పిడి నిలబడింది. పాప నాలుగు వందల రోజులు బతికింది. ఆమెని చివరికి తీసుకుపోయింది, ఏ కాన్సర్ కోసం కాలేయం మార్చారో ఆ కాన్సరే.

అంటే, మొదటి మరణమూ పసివాడిదే, మొదటి విజయమూ పసిపాపదే. కాలేయ మార్పిడి మొదటినుంచీ పిల్లల వైద్యంతో పెనవేసుకున్న విద్య.

ఆ రోజుల్లో రోగనిరోధక శక్తి ఎలా ఉందో చూడడానికి డాక్టర్లకి ఉన్న సాధనాలు చాలా మోటువి. తెల్లకణాలు లెక్కపెట్టేవారు, మరీ పడిపోతే ఎజాథయోప్రిన్ తగ్గించేవారు. కళ్ళు పచ్చబడ్డాయా, రక్తంలో బిలిరుబిన్, కాలేయపు ఎంజైములు పెరిగాయా అని చూసేవారు. అనుమానం వస్తే సూది గుచ్చి కాలేయపు ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టేవారు. ఈ మూడింట్లో ఏదీ కాపలావాణ్ణి చూపించదు. ఎంజైములు పెరిగాయంటే దెబ్బలాట అప్పటికే మొదలైందని అర్థం. పైగా అది తిరస్కరణ వల్లా, వైరస్ వల్లా, నాళం మూసుకుపోవడం వల్లా అన్నది ఎంజైములు చెప్పవు. మొదటిదైతే మందు పెంచాలి, రెండోదైతే తగ్గించాలి. పొరపాటు పడితే బిడ్డ పోతాడు.

ఆ కాలంలో ఏడాది నిండా బతికినవాళ్ళు ఇంచుమించు మూడోవంతు.

3. కొండ మట్టీ, నానోగ్రాములూ

పరిస్థితిని మార్చిన మందులు మట్టిలోంచి వచ్చాయి. సాండోజ్ కంపెనీ ఉద్యోగి ఒకరు నార్వేలోని హార్డాంగర్‌విడ్డా పీఠభూమి నుంచి తెచ్చిన మట్టిలో దొరికిన బూజు నుంచి సైక్లోస్పోరిన్ వచ్చింది. 1978లో కేంబ్రిడ్జ్‌లో రాయ్ కాన్ దాన్ని మనుషులకి వాడాడు. స్టార్జల్ దానికి స్టెరాయిడ్లు కలిపి కాలేయ రోగుల్లో ఫలితాలు ఎంత మెరుగయ్యాయో చూపించాడు. 1983లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఏర్పాటు చేసిన నిపుణుల సమావేశం, కాలేయ మార్పిడి ఇక ప్రయోగం కాదు, వైద్యమేనని తేల్చింది. 1984లో జపానులో త్సుకుబా కొండ దగ్గరి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి టాక్రోలిమస్ దొరికింది. 1989లో పిట్స్‌బర్గ్‌లో రోగులకి మొదలుపెట్టారు, 1994లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇవాళ కాలేయం మార్చిన పిల్లల్లో ఎక్కువమంది వేసుకునేది ఇదే.

ఈ మందులతో కొత్త చిక్కు వచ్చింది. ఒకే మోతాదు ఇద్దరు పిల్లలకిస్తే ఒకరి రక్తంలో రెండు పాళ్ళు, ఇంకొకరి రక్తంలో ఐదు పాళ్ళు తేలొచ్చు. ఎక్కువైతే కిడ్నీలు దెబ్బతింటాయి, తక్కువైతే కాలేయం పోతుంది. అందుకని రక్తంలో మందు ఎంతుందో కొలవడం నిత్యకృత్యమైంది. పొద్దున్న మాత్ర వేసే ముందు, అంటే ముందు రాత్రి మాత్రకీ దీనికీ మధ్య పన్నెండు గంటలు గడిచాక, రక్తం తీస్తారు. లెక్క మిల్లీలీటరుకి నానోగ్రాముల్లో. నానోగ్రాము అంటే గ్రాములో వందకోట్లవ వంతు. తొలి నెలల్లో పదికి అటూ ఇటూ, అంతా సవ్యంగా ఉంటే కొన్నేళ్ళకి ఐదు చుట్టుపక్కల ఉంచుతారు.

ఈ అంకెని కదిలించేవి మన ఇళ్ళల్లోనే ఉంటాయి. పంపరపనస తింటే పెరగొచ్చు. విరేచనాలు పట్టుకుంటే, మందు ఒంటబట్టదు కాబట్టి తగ్గుతుందనుకుంటాం, కానీ పెరుగుతుంది. మందుని పేగు గోడలోనే విరగ్గొట్టే ఎంజైములు దెబ్బతినడం అందుకు ఒక కారణం. క్షయకి వాడే రిఫాంపిసిన్ మొదలుపెడితే అమాంతం పడిపోతుంది. క్షయ, నీళ్ళ విరేచనాలు మామూలుగా ఉండే దేశంలో ఆ అంకె మీద కన్నేసి ఉంచడం ఎంత అవసరమో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

అయితే, ఇంతా చేసి కొలుస్తున్నది దేన్ని? మందుని. కాపలావాణ్ణి కాదు. మేం సాఫ్ట్‌వేర్ వాళ్ళం సర్వర్ల మీద రాత్రింబవళ్ళు నిఘా పెడతాం. తెరమీద గీతలన్నీ పచ్చగానే ఉంటాయి, అవతల వాడుకునేవాడికి మాత్రం పని జరగదు. కొలవడానికి వీలైనదాన్ని కొలిచి, కొలవవలసినదాన్ని కొలిచామనుకోవడం మా వృత్తిలో రోజూ చూసే సంగతి. టాక్రోలిమస్ అంకె ఐదు ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరి కాపలావాడు హాయిగా నిద్రపోతూ ఉండొచ్చు, ఇంకొకరివాడు కర్ర వెతుక్కుంటూ ఉండొచ్చు.

4. మళ్ళీ ఏటీపీ

కాపలావాణ్ణే నేరుగా కొలిచే పరీక్ష ఒకటి 2002లో అమెరికాలో అనుమతి పొందింది. దాని పేరు ఇమ్యునో. రోగి రక్తంలోని సిడి4 అనే తెల్లకణాలని ఒక మొక్క నుంచి తీసిన ప్రొటీన్‌తో రెచ్చగొడతారు. రెచ్చిపోయిన కణం పనికి సిద్ధమవుతూ ఏటీపీ తయారు చేసుకుంటుంది. ఆ ఏటీపీని మిణుగురు పురుగుల్లో ఉండే ఎంజైముతో వెలిగించి, ఎంత వెలుగొచ్చిందో చూస్తారు. వెలుగు ఎక్కువైతే కాపలావాడు చురుగ్గా ఉన్నట్టు, తక్కువైతే మత్తులో ఉన్నట్టు. 1929లో ఫిస్క్, సుబ్బారావులు కండరంలో పట్టుకున్న అణువు, డెబ్భై ఏళ్ళ తర్వాత, మార్పిడి చేయించుకున్న వాళ్ళ నిరోధక శక్తికి కొలబద్ద అయింది. ఈ విషయం చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది.

కానీ కథ సుఖాంతం కాదు. ఆ పరీక్ష కాపలావాడి ఒంట్లో సత్తువ ఎంతో చెబుతుంది గాని, వాడి కోపం ఎవరి మీదో చెప్పదు. తిరస్కరణని ముందుగా పసిగట్టడంలో అది ఆశించినంత నమ్మకంగా నిలబడలేదు. పిల్లల దగ్గర ఇంకో చిక్కు. చిన్నపిల్లల కణాలు మామూలుగానే పెద్దవాళ్ళ కణాలకన్నా తక్కువ ఏటీపీ చూపిస్తాయి. పెద్దవాళ్ళ కోసం గీసిన గీతలు పిల్లలకి పనికిరావు.

పిల్లల నిరోధక వ్యవస్థ పెద్దవాళ్ళ వ్యవస్థకి చిన్న సైజు కాదు. అది ఇంకా చదువుకుంటూ ఉంటుంది. ఎప్‌స్టైన్-బార్ వైరస్ ఒక ఉదాహరణ. పెద్దవాళ్ళలో చాలామందికి అది ఎప్పుడో వచ్చి, చప్పుడు చెయ్యకుండా ఒంట్లో దాక్కుని ఉంటుంది. తండ్రో తల్లో ఇచ్చిన కాలేయంతోపాటు అది, ఎన్నడూ దాన్ని చూడని బిడ్డ ఒంట్లోకి వస్తే, మందులతో కునుకుతున్న కాపలావాడు దాన్ని ఆపలేకపోతే, లింఫోమాగా మారొచ్చు. మందు తగ్గిస్తే అలాంటి గడ్డలు కొన్ని కరిగిపోతాయని స్టార్జల్ బృందం 1984లోనే రాసింది. అందుకే పిల్లల్లో మందు అంకెతోపాటు ఈ వైరస్ అంకెని కూడా ఏళ్ళ తరబడి చూస్తారు. తట్టు లాంటి, బతికున్న క్రిములతో చేసిన టీకాలు వీలైనంతవరకు ఆపరేషన్‌కి ముందే వేయించేస్తారు.

2014లో పిట్స్‌బర్గ్‌లో రాకేశ్ సింధీ బృందం తయారుచేసిన ప్లెక్సిమ్యూన్ అనే పరీక్షకి, ప్రత్యేకించి కాలేయం లేదా పేగు మార్చిన పిల్లల కోసమే, అమెరికా అనుమతి దొరికింది. ఇందులో బిడ్డ కణాలని దాత కణాలతో, లేదా వాటిని పోలిన కణాలతో కలిపి ఒక రాత్రి ఉంచుతారు. దాతని చూసి ఎన్ని జ్ఞాపకకణాలు లేచి నిలబడ్డాయో లెక్కపెడతారు. పాత పరీక్ష సత్తువ అడిగింది. ఇది, ఈ చుట్టాన్ని చూస్తే నీకు కోపం వస్తోందా అని సూటిగా అడుగుతుంది.

ఇంకా పెద్ద ఆశ వేరే ఉంది. కాలేయం మిగతా అవయవాల్లాంటిది కాదు, కాపలావాడితో రాజీ కుదుర్చుకునే గుణం దానికుందని 1969లో పందుల్లో రాయ్ కాన్ చూపించాడు. 2012లో శాండీ ఫెంగ్ బృందం, తల్లిదండ్రుల కాలేయం పొందిన 20 మంది పిల్లలకి మెల్లమెల్లగా మందులు ఆపి చూస్తే, 12 మందికి ఏడాది దాటాక కూడా కాలేయం బాగానే ఉంది. తర్వాత 88 మందితో చేసిన పెద్ద అధ్యయనంలో ఆ అదృష్టం 33 మందికి దక్కింది. మందు మానేసే వీలున్న పిల్లలు నిజంగానే ఉన్నారన్నమాట. వాళ్ళెవరో తెలుసుకోవాలంటే మాత్రం, మందులు తగ్గిస్తున్నన్నాళ్ళూ మామూలుకన్నా ఎక్కువసార్లు రక్తం తీయాలి, ముందూ వెనకా బయాప్సీలు చెయ్యాలి. మందుల నుంచి విడుదల కూడా ప్రయోగశాలకి దగ్గర్లో ఉన్నవాళ్ళకే.

5. మన దగ్గర

అవయవ మార్పిడి చట్టం మన దేశంలో 1994లో వచ్చింది. 1998 నవంబరులో ఢిల్లీ అపోలో ఆసుపత్రిలో, కాంచీపురం నుంచి వచ్చిన 20 నెలల బాబుకి తండ్రి కాలేయంలో భాగం అమర్చారు. దేశంలో విజయవంతమైన మొదటి కాలేయ మార్పిడి అదే. జబ్బు మళ్ళీ డెన్వర్ బాబు జబ్బే, మూసుకుపోయిన పిత్తనాళాలు. ఆ బాబు పెరిగి పెద్దవాడై, వైద్యం చదివి, డాక్టరయ్యాడు. ఆ వార్త చదివి అందరం సంతోషించాం. నాకు మాత్రం, మధ్యలో గడిచిన ఏళ్ళలో ఎన్నిసార్లు పొద్దున్నే మాత్రకి ముందు ఆ చేతిలోంచి రక్తం తీసి ఉంటారో అనిపించింది.

2024లో హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో, ఖమ్మం జిల్లాకి చెందిన మూడేళ్ళ బాబుకి తల్లి కాలేయపు భాగం అమర్చారు. నవాబుల కాలపు కట్టడంలో నడిచిన సర్కారు దవాఖానా ఈ పని చెయ్యగలగడం చిన్న సంగతి కాదు. డబ్బున్నవాళ్ళ ఆపరేషన్‌గా మొదలైనది పాతికేళ్ళలో పేదవాడి అందుబాటులోకి వచ్చిందన్నమాట. అందుబాటులోకి వచ్చింది ఆపరేషన్. మరి కాపలా?

6. కొండమీద

ఈ జబ్బు పది, ఇరవై వేల కాన్పుల్లో ఒకరికి వస్తుంది. దానికి కులం లేదు, ఊరు లేదు. అరకు, అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట మండలాల్లో కూడా అలాంటి బిడ్డలు పుడతారు. వాళ్ళ కథ తరచు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది. పుట్టిన రెండు వారాలు దాటినా పచ్చదనం తగ్గకపోయినా, విరేచనం సుద్దలా తెల్లగా ఉన్నా గుర్తుపట్టి, రెండు నెలలలోపు కసాయ్ ఆపరేషన్ చేస్తే కొందరికి మార్పిడి చాలా ఏళ్ళు వాయిదా పడుతుంది. జపానులో మోరియో కసాయ్ 1950లలో కనిపెట్టిన ఆపరేషన్ అది. తైవాన్ 2004 నుంచి ప్రతి బాలింత చేతిలో విరేచనం రంగుల కార్డు పెట్టింది. కార్డు కొండెక్కడానికి రోడ్డు కూడా అక్కర్లేదు.

ఆ మెట్టు దాటి, హైదరాబాదులోనో విశాఖలోనో మార్పిడి జరిగి, బిడ్డ ఇంటికొచ్చిందనుకుందాం. అరకు నుంచి విశాఖ 115 కిలోమీటర్లు. అది అరకు టౌను నుంచి లెక్క. కొండ శిఖరాన ఉన్న గూడెం నుంచి రోడ్డు దాకా డోలీ మోసిన రోజులు ఇంకా పూర్తిగా పోలేదు. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో ‘అడవితల్లి బాట’ పేరుతో గిరిజన గూడేలకి రోడ్ల పని మొదలుపెట్టారంటేనే, అప్పటిదాకా లేవని అర్థం. పొద్దున్న ఎనిమిదింటికి, మాత్ర వేసే ముందు, విశాఖలో రక్తం ఇవ్వాలంటే ముందురోజే కొండ దిగాలి. తల్లి కూలి రెండు రోజులు పోతుంది. ఇంట్లో మాట్లాడేది కువి, లేదా ఆదివాసీ ఒడియా. చేతిలో చీటీ ఇంగ్లీషులో. వానాకాలంలో విరేచనాలు పట్టుకుని, మందు రక్తంలో అమాంతం పెరిగే రోజులూ, వాగులు పొంగి దారి తెగే రోజులూ ఒకటే.

ఇదంతా చెప్పి, కొండ బిడ్డలకి మార్పిడి కుదరదు అని తేల్చేవాళ్ళున్నారు. చెప్పిన మందులు సరిగ్గా వాడరు, మళ్ళీ చూపించుకోవడానికి రారు అని. ఈ మాటకి నా అభ్యంతరం చరిత్రలోంచే వస్తుంది.

రక్తపు చుక్కని కొండ దింపడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. దేశంలో మలేరియా నియంత్రణ 1953లో మొదలై 1958లో నిర్మూలన కార్యక్రమంగా మారినప్పుడు, కార్యకర్తలు పదిహేను రోజులకోసారి ఇంటింటికీ వెళ్ళి, జ్వరం ఉన్నవాడి వేలి నుంచి చుక్క తీసి గాజుపలక మీద పూసి ప్రయోగశాలకి పంపాలన్నది పద్ధతి. మన్యంలో జ్వరమంటే ముందు మలేరియానే అనుమానిస్తారు కాబట్టి, వేలి చుక్క ఎందుకో అక్కడ ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఆశా కార్యకర్తల దగ్గర మలేరియా కిట్లే ఉన్నాయి.

స్టార్జల్ మొదటి ప్రయత్నం చేసిన 1963లోనే, అమెరికాలో రాబర్ట్ గథ్రీ ఇంకో పద్ధతి ప్రచురించాడు. పసిబిడ్డ మడమ నుంచి తీసిన చుక్కని వడపోత కాయితం మీద ఆరబెట్టి, పోస్టులో పంపి, పుట్టుకతో వచ్చే జబ్బుని పట్టుకోవడం. ఆ కాయితం మీద ఆరిన చుక్క నుంచి టాక్రోలిమస్‌ని కూడా కొలవొచ్చు. యూరప్‌లో కొన్ని కేంద్రాలు రోగుల్ని ఇంట్లోనే చుక్క వేసి పోస్టు చెయ్యమంటున్నాయి. ఇందులో మెళకువలున్నాయి. రక్తం పల్చబడ్డ బిడ్డలో చుక్క కాయితం మీద ఎక్కువ పాకి, అంకె తప్పు చూపిస్తుంది. రక్తహీనత ఎక్కువగా ఉన్నచోట ఆ సవరణ ముందే లెక్కలో వేసుకోవాలి. అది పరిష్కరించగల చిక్కు. ఫిస్క్, సుబ్బారావులు నీలిరంగు చిక్కదనం దగ్గర ఇలాంటి సవరణలే కదా చేసుకున్నది.

కాబట్టి తల్లినీ బిడ్డనీ నెలనెలా కొండ దించక్కర్లేదు. చుక్కని దించితే చాలు. కాయితం బస్సు పార్సిల్లో విశాఖ చేరుతుంది, అంకె ఆశా కార్యకర్త ఫోనుకి తిరిగొస్తుంది, ఆమె బిడ్డ తల్లికి వాళ్ళ భాషలో మోతాదు చెబుతుంది. బయాప్సీ, వైరస్ పరీక్షల కోసం ఏడాదికి కొన్నిసార్లు ఎలాగూ దిగాలి. మిగతా కాపలాకి మనుషులున్నారు, అలవాటుంది. లేనిది, ఈ పని కూడా ఆపరేషన్‌లో భాగమేనన్న లెక్క. ప్యాకేజీలో ఆపరేషన్‌కి ఎంత అని రాసినట్టే, మొదటి పదేళ్ళ చుక్కలకి ఎంత అని కూడా రాయాలి.

మార్పిడి జరిగిన మర్నాడు పత్రికల్లో ఫొటో వస్తుంది. డాక్టర్లు, తల్లి, బొకే, మాస్కు పెట్టుకున్న బిడ్డ. ఐదేళ్ళ తర్వాత, ఆ బిడ్డ టాక్రోలిమస్ అంకె ఎంతో చెప్పగలిగే ఆసుపత్రిదే విజయమని నేననుకుంటాను.